నేను దిగని స్టేషన్

పాతికేళ్ల వయసులో కడుపు నిండినా కడుపుమంట చల్లారదు. సౌదీలోని యాన్బులో పంపుల మరమ్మతు చేసే ఆ రోజుల్లో నా మంటకు కారణం మా బావ. (చుట్టరికం ఏమీ లేదు. పక్క ఊరివాడు, నా గదిలోనే ఉండేవాడు, అంతే.) నితాకత్ చట్టం వచ్చి కంపెనీ సౌదీ కుర్రాళ్లను చేర్చుకోవలసి రావడంతో మా ఇద్దరిలో ఒక్కడే మిగులుతాడన్నారు. బావను మూడు నెలల శిక్షణకు జపాన్ పంపారు. చివరి పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం అతనిది, నేను దేశం వదిలి పొమ్మనే ఖురూజ్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోవాలి. తప్పితే అతను ఇంటికి, నేను ఇక్కడే.

వెళ్లిన వారానికే ఫోటోలు మొదలయ్యాయి. టోక్యో శివార్లలో చిన్న రైల్వే స్టేషన్, ముందు వరుసగా సైకిళ్లు, పట్టాల పక్కనే వరిమడి, కాస్త దూరంలో శిక్షణ కేంద్రం. కంటికి ఇసుక తప్ప ఆనని నాకు ఆ వరిమడిని చూస్తే ఒళ్లు మండిపోయింది. “బాగుంది బావా” అని రాసి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. మ్యాపులో వీధుల బొమ్మలు కనిపిస్తాయి కదా, రోజూ డ్యూటీ దిగాక ఆ స్టేషన్ చుట్టూ తిరిగేవాణ్ని, ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని. మురుగుకాలువ కోసం వెతికితే అదీ శుభ్రంగానే ఉంది. చెత్తకుప్ప కోసం వెతికితే చెత్తబుట్ట కూడా కనిపించలేదు. వంక దొరకలేదు గానీ సందుగొందులన్నీ కంఠతా వచ్చాయి.

పరీక్ష రోజు పొద్దున ఏడింటికి (వాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంట) బావ ఫోన్ చేశాడు.

“అరేయ్, రోజు వ్యాన్ల పోతుంటి, ఇయ్యాల రైల్ల అచ్చిన. బయటికస్తే ఏం గుర్తువడతలేదు. మ్యాపుల అన్ని జపాన్ అక్షరాలే. అరగంటల పరీక్ష. ఆఫీసోళ్లను జర అడుగుతవా?”

“నీ ముంగట ఏమున్నది?”

“మంగలి షాపు.”

అంటే వెనక గేటులోంచి బయటికి వచ్చాడు. ‘సీదా పో’ అనే మాట నా నాలుక చివరికొచ్చింది. సీదా పోతే సమాధుల తోట, అరగంట గల్లంతు, నా ఉద్యోగం పదిలం. కానీ బావ ‘ఉన్నవా, ఉన్నవా’ అని అడుగుతూనే ఉన్నాడు. దానికి తోడు, ఇన్నాళ్లు తిరిగిన దారిని ఎవరికైనా చూపించాలని నాకూ ఉబలాటంగానే ఉంది.

“మల్ల లోపటికి పోయి మెట్లెక్కి అవుతలి దిక్కు దిగు. సైకిళ్ల పక్కపొంటి నడిచి, నూడుల్స్ కొట్టుకాడ కుడి దిక్కు తిరుగు బావా.”

బావ పాసై తిరిగొచ్చాడు. నేను సామాన్లు సర్దుకున్నాను. నన్ను విమానాశ్రయం బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు అడిగాడు.

“నువ్వు జపాన్ ఎన్నడు పోలె. గల్లీ గల్లీ నీకెట్ల ఎర్కరా?”

“కుళ్లుతోని నేర్సుకున్న బావా.”

బావ నా సంచి తీసి తన భుజానికేసుకున్నాడు.

ఇప్పుడు జగిత్యాలలో మోటార్లు బాగుచేసుకుంటున్నాను. ఒకరి మీద అంత శ్రద్ధగా కుళ్లుకునే ఓపిక పోయింది. అందుకేనేమో, ఆ తరువాత ఏ ఊరూ నాకంత బాగా తెలియలేదు.