ఒకటి రెండు చోట్ల

సాయంత్రం రేడియోలో వార్తలయినాక వాతావరణం చెప్తారే, అది మొదలైతే మా ఇంట్లో ఎవురూ నోరు తెరవకూడదు. తెరిస్తే నాయన కండ్లెర్రజేసేవాడు. వినేదానికి మాత్రం ఏముండాది? "కోస్తాలో పలుచోట్ల, రాయలసీమలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చు." ఎప్పుడు చూసినా ఇదే పాట. ఆ ఒకటి రెండు చోట్లు యాడుండాయో గానీ, సోమందేపల్లె పక్కన మా ఊర్లో మాత్రం లేవని నేను ఎక్కిరించేదాన్ని. నాయన కూడా నవ్వేవాడు. నవ్వి, "ఎందుకైనా మంచిది" అంటా లేచి, వాకిట్లో కట్టేసిన ఎద్దుల్ని కొట్టంలోకి మార్చేవాడు. వాన వచ్చేది కాదు. ఎద్దులు మాత్రం లోపలికి పోయేటివి.

డెబ్బైల చివర్లో ఒక ఏడు శెనక్కాయ బాగానే కాసింది. తీరా పీకే కాలానికి నేల బండ అయిపోయింది. శెనక్కాయ చెట్టును నేల మెత్తగా ఉన్నప్పుడే పీకల్ల. ఎండిన నేలలో లాగితే చెట్టు చేతికొస్తాది, కాయలు లోపలే ఉండిపోతాయి. పోనీ పీకినాక వాన వస్తే మంచిదా అంటే అదీ లేదు. చేన్లో ఆరేసిన కాయ మొలకెత్తుతాది, కట్టె నల్లగైతాది. కట్టె అంటే కాయలు దూసినాక మిగిలే ఆకూ కొమ్మా. మా పక్క వరిగడ్డి యాడిది? సంవత్సరమంతా ఎద్దులకు అదే మేత. కట్టె చెడితే ఎద్దుల్ని అమ్ముకోవాల్సిందే. ఆ జతను నాయన దూడలప్పటి నుంచి సాకినాడు.

అట్లాంటప్పుడు రేడియో, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందనింది. తుపాను అవుతాదంట, నెల్లూరు పక్క తీరం దాటొచ్చంట. కోస్తావాళ్ళకు తుపాను ప్రాణగండం, మాకేమో అదే వాన. నాయన ముఖం వెలిగిపోయింది. "ఆగుదాం. నేల తడిసినాక పీకి, తెరపిచ్చినాక ఆరేసుకుందాం" అన్నాడు.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుసయ్యా?" అనింది అమ్మ. "ఇంగా ఆగితే నేల ఇనుమైతాది. వచ్చిన కాడికి ఇప్పుడే పీకుదాం."

ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పే మా చిన్నాయన ఆ ఆదివారం ఊరికొస్తే, నాయన ఆయన్ను పట్టుకున్నాడు. "నువ్వు చెప్పప్పా, వస్తాదా, రాదా?"

"తుపాను బొంగరం మాదిరి అన్నా. తిరిగేది తెలుస్తాది, ఏ పక్కకు జరుగుతాదో గట్టిగా చెప్పలేరు. ముందుముందు ఆకాశంలో నుంచి ఫోటోలు తీసి గంట గంటకూ చెప్తారు చూడు."

"మన చేన్లో పడేదీ లేనిదీ చెప్తారా?"

"అది కష్టమే అన్నా. తుపాను పెద్దది, మన చేను చిన్నది."

"ఏం చదువులప్పా మీవి!" అన్నాడు నాయన. అయినా ఆగుదామనే తీర్మానించినాడు.

చిన్నాయన మాట అబద్ధమేం కాలేదు. ఇప్పుడు తుపాను యాడ దాటేదీ టీవీలో ముందే గీత గీసి చూపిస్తాండారు. కోస్తాలో ఎన్ని ప్రాణాలు నిలబడతాండాయో, ఆ కనిపెట్టినోళ్ళకు చేతులెత్తి మొక్కల్ల. మా చేను సంగతి అడిగితే మాత్రం ఇప్పటికీ ఒకటి రెండు చోట్లే.

మేం ఆకాశం చూస్తా కూర్చున్నాం. మబ్బు పట్టింది, చల్లగాలి తోలింది, చుక్క రాలలేదు. తుపాను మనసు మార్చుకొని ఉత్తరానికి పోయిందని రేడియో చల్లగా చెప్పింది. "దీని నోట్లో మన్ను పడ!" అని నేను రేడియోను తిట్టినా. మరుసటి దినం వార్తల్లో, ఆ పక్క తీరంలో మనుషులు పోయినారని చెప్పినారు. "అది మన పక్కకు రావల్లనే కదే మొక్కుకున్యాం" అనింది అమ్మ.

ఇంగ ఆగి లాభం లేదని ఎద్దులకు గుంటక కట్టి, నేల పెకలించి పీకినాం. సగం కాయలు మట్టిలోనే తెగిపోయినాయి. "కాయ పోతే పోయింది, కట్టె దక్కింది" అన్నాడు నాయన. నిజమే, కట్టె పచ్చగా బాగుండె. వరసలుగా చేన్లో ఆరేసి ఇంటికొచ్చినాం.

ఆ సాయంత్రం కూడా రేడియో అదే మాట అనింది. అది పూర్తి చేసేలోపలే నేను గొంతు మార్చి "ఒకటి రెండు చోట్ల" అన్నా. అందరూ నవ్వినారు. నాయన ఎప్పటిమాదిరే లేచి ఎద్దుల్ని లోపల కట్టేసి వచ్చినాడు. చేన్లో ఉండే వాటి మేతను కుప్ప ఏద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు.

తెల్లారేసరికి వాన. రోడ్డుకు అవతల దుమ్ము లేస్తాండాది, ఇవతల మా చేన్లో మడుగు కట్టింది. ముసురు పట్టి వదల్లేదు. ఆ ఒకటి రెండు చోట్లు ఈసారి మేమే. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అట్లయింది మా బతుకు. కట్టె నల్లబడి కంపు కొట్టింది, ఎద్దులు మూతి కూడా పెట్టలేదు. మా పక్క చేను పెద్దాయనకు కూలీలు దొరక్క అప్పటికింకా పీకనే లేదు. ఆయనకు అదే వాన వరమైపోయె, నేల మెత్తబడి చెట్టుకు చెట్టూ కాయలతో సహా లేచొచ్చింది. నాకు కడుపు మండిపోయింది, దాచేదేముండాది!

సంతలో ఎద్దుల్ని రాయదుర్గం పక్క మనిషి తోలుకొనిపోయినాడు. నాయన ఆ పొద్దు అన్నం ముట్టలేదు. సాయంత్రం రేడియో మళ్ళా "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల" అనింది. నాయన లేచి వాకిట్లోకి పోయినాడు. గుంజకు వేలాడే పగ్గం పట్టుకొని, అట్లే నిలబడిపోయినాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చి రేడియో గొంతు నొక్కేసినా.

"ఎందుకు ఆపినావు పాపా, పెట్టు" అన్నాడు నాయన, పగ్గం గుంజకే తగిలిస్తా. "పక్క చేనాయన కాయ ఆరేసుకొని ఉండాడు. కుప్ప ఏసుకోమని చెప్పొస్తా."

"మనది నాశనమైపాయె, ఆయనదేమైతే మనకెందుకు నాయనా?" అని అరిచినా. వినకుండా పోయినాడు.

పెద్దాయన ఇంటిల్లిపాదీ చీకటిపడేదాకా కుప్ప ఏసినారు. చుక్క పడలేదు. తెల్లారినాక మా గడప దగ్గరికొచ్చి నిలబడి కేకలేసినాడు. "ఏమప్పా, నీ రేడియో కూల! అందరికీ నడుములిరిగినాయి. మళ్ళా అంతా విప్పి ఆరేసుకోవల్ల. యాడ పడిందప్పా నీ వాన?"

నాయన ఖాళీ కొట్టం ఊడుస్తాండాడు. చీపురు ఆపలేదు.

"తిట్టుకో అన్నా" అన్నాడు. "నీ ఎద్దులు నీ కొట్టంలోనే ఉండాయి కదా."