తప్పుల పుస్తకంలో గురువారం పేజీ

మా ఆఫీసు పంజగుట్ట చౌరస్తాకు కూతవేటు దూరంలో, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. ఎనభైల చివరి ఏళ్ళు. కంప్యూటర్లు అమ్మే కంపెనీ మాది. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి రావాలి. దుమ్ము పడితే మిషను పాడవుతుందని అప్పట్లో అందరికీ భయం. లోపల ఏసీ ఉండేది కానీ అది మాకోసం కాదు, మిషన్ల కోసం. మేం చలికి కొంగు కప్పుకుని పనిచేసేవాళ్ళం.

నా ఉద్యోగానికి సరైన పేరు లేదు. ఊళ్ళో ప్రోగ్రాములు రాసేవాళ్ళందర్నీ పోగుచేసి మా కంపెనీ చుట్టూ తిరిగేలా చెయ్యడం నా పని. మేనేజర్ గారిది గుంటూరు వైపు. మాట తీపి, మనిషి గట్టి.

"చూడమ్మా, మిషను అమ్మితే ఒక్కసారి అమ్మినట్టు. ప్రోగ్రామర్ని మనవాణ్ణి చేసుకుంటే, వాడు ఏ ఆఫీసుకి మారితే ఆ ఆఫీసులో మన మిషనే కొనిపిస్తాడు" అనేవారు.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. మనుషుల్ని చేపల్లాగా గాలం వేసి పట్టడమేమిటని. కానీ మా నాయిన పనిచేసే మిల్లు మూతపడి ఏడాది దాటింది. ఇంట్లో జీతం నాదొక్కటే, అది కూడా ఇంకా ఖాయం కాని ఉద్యోగం. నోరు మూసుకుని గాలం వెయ్యడం నేర్చుకున్నాను.

ఏం చేసేవాళ్ళమంటే, శనివారం మధ్యాహ్నాలు మిషన్లు ఉచితంగా వాడుకోనిచ్చేవాళ్ళం. వచ్చేవాళ్ళలో సగం మందికి సొంతంగా ముట్టుకోవడానికి మిషనే లేదు. బస్సులో కూర్చుని కాగితం మీద ప్రోగ్రాము రాసుకుని, వారమంతా జేబులో పెట్టుకుని తిరిగి, శనివారం వచ్చి కొట్టి చూసుకునేవాళ్ళు. బాగున్నవాటిని నేను స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి, నెలకో పత్రికలా పంచేదాన్ని. లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసు గుమాస్తా ఒకాయన తన ప్రోగ్రాము అచ్చయిన కాగితాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని, చిరిగిపోయేదాకా కనిపించిన ప్రతివాళ్ళకీ చూపించాడు. ఆదివారం పొద్దున అందరం కలిసేవాళ్ళం. ఇరానీ హోటల్ నుంచి కెటిల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చేవి.

అయితే వాళ్ళు చాయ్ కోసం రాలేదు. తప్పుల పుస్తకం కోసం వచ్చేవాళ్ళు. అది నా ఆలోచనే, ఆ గర్వం నాకు బాగానే ఉండేది. గట్టి అట్ట ఉన్న పొడుగాటి రిజిస్టరు ఒకటి బల్ల మీద ఉంచాను. తమ ప్రోగ్రాములో కానీ, మా కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాముల్లో కానీ తప్పు దొరికినవాళ్ళు ఏ రోజైనా వచ్చి అందులో రాసి సంతకం పెట్టాలి. నేను సరిచూసి కంపెనీ ముద్ర వెయ్యాలి. మొదటి ఆదివారమే అందరి ముందూ గట్టిగా చెప్పాను: "ఇందులో ఎవల తప్పయిన ఒకటే. పేజీ చింపుడు లేదు, రాసింది కొట్టేసుడు లేదు." వేరే కంపెనీలవాళ్ళు తమ మిషన్లో తప్పే లేదని ప్రమాణాలు చేసే రోజులవి. మేం తప్పులు రాసుకుని మరీ చూపిస్తున్నామని ఈ నోటా ఆ నోటా పాకింది. ఆర్నెల్లలో కూర్చోవడానికి కుర్చీలు చాలని పరిస్థితి వచ్చింది.

అలా వచ్చినవాళ్ళలో, మేం అమీర్‌పేట భాయ్ అని పిలిచే ఆయన ఒకరు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎస్.ఆర్. నగర్‌లో ఒక ట్యుటోరియల్ కాలేజీలో పిల్లల పరీక్షల ర్యాంకుల లిస్టు కంప్యూటర్ మీద తీసే పని. నెమ్మదస్తుడు. ఎవరైనా ఇరుక్కుంటే తన మిషను టైం వదులుకుని సాయం చేసేవాడు.

ఒక గురువారం ఆయన హఠాత్తుగా వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, ర్యాంకుల లిస్టుల ఒక పిల్ల పేరు రాలే. నేను టైప్ కొట్టిన. నా కాయిదంల పేరున్నది. మిషన్ల సార్ట్ చేసి తీస్తె గాయబ్. వాళ్ళ నాయిన వచ్చి మస్తు లొల్లి చేసిండు. మా సార్ ఏమంటుండంటే, నువ్వే కావాలని తీసేసినవ్, ఎవల దగ్గర పైసల్ తిన్నవ్ చెప్పు అంటుండు."

"మీరేమన్నరు?"

"మిషన్ తప్పన్న. అయితె రుజువు జూపియ్యి, ఆయితారం దాక టైమిస్తున్న, లేకుంటె సోమవారం సంది రాకు అన్నడు."

మార్కుల ప్రకారం పేర్లను వరుసలో పెట్టే ఆ సార్ట్ ప్రోగ్రాము మాదే. మిషనుతో పాటు ఊరికే ఇచ్చేవాళ్ళం. ఇద్దరం కూర్చున్నాం. పిల్లల పేర్లు మళ్ళీ కొట్టే ఓపిక లేక కూరగాయల పేర్లు పెట్టాం. వంకాయకు డెబ్భై, బెండకాయకు అరవై, ఇలా. మార్చి మార్చి చూశాం. సాయంత్రం నాలుగింటికి దొరికింది. అందరికన్నా చివర కొట్టిన పేరుకు, ముందున్న ఇంకో పేరుకు ఒకే మార్కులు వస్తే, ఆ చివరి పేరు ఎగిరిపోతోంది. వంకాయకూ దొండకాయకూ సమానంగా ఇస్తే, చివరున్న దొండకాయ లిస్టులో లేదు.

"దొండకాయ గాయబ్!" అని భాయ్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదని అప్పుడు చెప్పాడు.

పుస్తకంలో పేజీ నిండా నేనే రాశాను. ఆయన సంతకం చేశాడు, నేను ముద్ర వేశాను. జిరాక్స్ తీయించుకుంటానన్నాడు.

"ఎందుకు భాయ్? పుస్తకం ఏడికి పోతది? ఆయితారం మీ సార్‌నే తోలుకరండ్రి. నేనే చూపిస్త" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

శనివారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. పుస్తకం ఆయన ముందు తెరిచి ఉంది. రేపు బొంబాయి నుంచి పెద్దాఫీసు ఆయన మన మీటింగ్ చూడ్డానికి వస్తున్నారని, నచ్చితే అన్ని ఊళ్ళలోనూ ఇలాగే పెడతారని చెప్పారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా ఆయన చేతుల మీదుగానే వస్తుందట.

"చిన్న చిన్న తప్పులు ఉండనీ. ముచ్చటగా ఉంటుంది. కానీ ఏంటమ్మా ఇది? పేరే ఎగిరిపోవడం ఏంటి? సార్ట్ వాడే ప్రతి ఆఫీసూ మన మీద పడుతుంది. ఈ ఒక్క పేజీ తీసెయ్. వారంలో నేనే బాగు చేయించి అందరికీ కొత్త ఫ్లాపీలు పంపిస్తాను. ఆ తర్వాత ఇదే పేజీ మళ్ళీ అతికిద్దాం."

"సార్, రేపు ఆయన వాళ్ళ సార్‌ని తీస్కొస్తున్నడు. నౌకరీ పోతది."

"ఒక వారం ఆగమని చెప్పమ్మా. నీ ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలిగా."

బెదిరించినట్టు కూడా అనలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు బుద్ధి చెప్పినట్టు అన్నారు. నేను స్టీలు స్కేలు పెట్టి, అంచు కనపడకుండా పేజీ చింపి ఇచ్చాను. ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంటికి నడుస్తూ దారంతా నాకు నేను చెప్పుకున్నాను: రేపు పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి భాయ్‌ని పక్కకు పిలిచి చెప్తాను, అర్థం చేసుకుంటాడు. పిరికితనానికి ఎన్ని ఏర్పాట్లో.

ఆదివారం పదింటికల్లా మెట్ల మీద చెప్పులు పట్టలేదు. మేనేజర్ గారు వాటిని జతలు జతలుగా లెక్కపెట్టి మురిసిపోయారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. పదిన్నర అయింది, భాయ్ రాలేదు. బొంబాయి ఆయన వచ్చారు. నన్ను లోపలికి పిలిచి, మిషను పక్కన, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంక కదలడానికి లేదు.

పదకొండుకు భాయ్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. వెనకాల ట్యుటోరియల్ సార్. ఆయన బూట్లు విప్పనని కాసేపు గొణిగి, చివరికి విప్పి వచ్చాడు. భాయ్ నన్ను చూసి నవ్వాడు. నేరుగా పుస్తకం దగ్గరికి వెళ్ళి, సార్ కళ్ళ ముందు పెట్టి తెరిచాడు. బుధవారం పేజీ వచ్చింది. తర్వాత శుక్రవారం పేజీ. వేలు తడిచేసుకుని మళ్ళీ తిప్పాడు. రెండు కాగితాలు అంటుకున్నాయేమోనని గోటితో విడదీసి చూశాడు. ఆయన చెవులు ఎర్రబడడం నాకు కనపడుతూనే ఉంది.

"మేడం, బేస్తారం రాసిన పేజీ ఏది?"

గదిలో ఓ నలభై మంది. బొంబాయి ఆయన తల తిప్పి చూశారు. మేనేజర్ గారు నా వైపు చూడలేదు, బల్ల వైపు చూస్తున్నారు.

"ఏ పేజీ, భాయ్?" అన్నాను.

ఆయన నన్ను అబద్ధాలకోరు అనలేదు. కాసేపు నా మొహంలోకి చూసి, మేనేజర్ గారి వైపు తిరిగి, "సార్, జర మిషన్ ఇప్పియ్యుండ్రి, అయిదు నిమిషాలల్ల చేసి చూపిస్త" అన్నాడు. ఇప్పుడు పెద్దలకు చూపించే కార్యక్రమం ఉంది, సాయంత్రం రండి అన్నారాయన.

"చాలు తియ్యవయ్యా" అన్నాడు ట్యుటోరియల్ సార్. "గీ నాటకం జూపిస్తందుకే నన్ను ఆయితారం పూట తోలుకచ్చినవా? రేపటి సంది నువ్వు రాకు." ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మీటింగ్ సాగింది. ఎవరో తమ ప్రోగ్రాము వివరించారు, చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. బిస్కెట్లు తిరిగాయి.  ఇప్పుడు లేవాలి, ఇప్పుడు లేవాలి అనుకుంటూ ఒక్కో నిమిషం దాటించాను. అప్పుడు ఒక ఆస్పత్రిలో పనిచేసే అతను లేచి, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ లిస్టును వచ్చే వారం నుంచి మా సార్ట్‌తోనే తీయబోతున్నానని సంతోషంగా చెప్పాడు.

నా కాళ్ళు వాటంతటవే లేచాయి. "సార్ట్ వాడకుండ్రి" అన్నాను.  మిషను ముందు కూర్చున్నతన్ని జరగమన్నాను. అయిదు కూరగాయలు చాలు. వంకాయ, బెండకాయ, కాకరకాయ, చిక్కుడుకాయ, దొండకాయ. మొదటిదానికీ చివరిదానికీ ఒకే మార్కులు కొట్టాను. ప్రింటరు గరగరలాడుతూ నాలుగు పేర్లు తీసింది. ఆ కాగితం చింపి పట్టుకుని, "గురువారం నాడే మాకు తెలుసు. పుస్తకంల రాసింది నేనే, చింపింది నేనే" అన్నాను.

 తర్వాత మేనేజర్ గారు జేబులోంచి మడతలు పెట్టిన పేజీ తీసి, అరచేత్తో సాపుచేసి, పుస్తకం మీద పెట్టారు.  నేను మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తాను, చెప్పులు లేకుండా. భాయ్ లేడు.

ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. బొంబాయి ఆయన తెలివైన మనిషి. పది రోజుల్లో సార్ట్ బాగు చేయించారు. తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం, దాంతోపాటు కొత్త ఫ్లాపీ, మా మిషను వాడే ప్రతివాళ్ళకూ వెళ్ళాయి. తమ తప్పు తామే బయటపెట్టుకునే కంపెనీ అని మాకు పేరొచ్చింది. తప్పుల పుస్తకం అన్ని ఊళ్ళకూ పాకింది. మీటింగ్‌కు జనం రెట్టింపయ్యారు. నా ఉద్యోగం ఖాయమైంది, మెచ్చుకుంటూ నాలుగు మాటలు రాసి మరీ. ఆ కాగితం మా అమ్మ దేవుడి పటం ముందు పెట్టింది. నేను అటు వైపు చూడలేకపోయేదాన్ని.

భాయ్ మళ్ళీ మీటింగ్‌కు రాలేదు. ఆయనకివ్వాల్సిన కొత్త ఫ్లాపీ నేనే తీసుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. అమీర్‌పేటలో ఒక సందులో టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైప్ నేర్పిస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను ముందు క్షమించమని అడిగి, ట్యుటోరియల్ సార్‌కు కంపెనీ ఉత్తరం చూపించి, భాయ్‌ని మళ్ళీ పనిలో పెట్టుకోమన్నానని చెప్పాను. ఆ జాగాలో అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నాడని కూడా చెప్పాల్సి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఫ్లాపీ చేతికిచ్చాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టైప్‌రైటర్ పక్కన పెట్టాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"గా దినం మా సార్ స్కూటర్ స్టార్ట్ కాలే, మేడం. మీ కిటికీ కిందనే. వంచిండు, కిక్ కొట్టిండు, మల్ల వంచిండు. అర్ధగంట అయ్యింది. నేను పక్కనే నిలబడ్డ. పైనకెల్లి మీరు ఒక్క ఆవాజ్ ఇస్తరేమో అని కిటికీ దిక్కే సూస్తున్న. ఇనపడలేదా మీకు?"

"ఏసీ చప్పుడుల ఇనపడలేదు భాయ్" అన్నాను.

వినపడింది.