కరెంటు పోయిన క్షణంలో ఎక్కించిన పేరు

“ఆ మందు మా వాడికి పడదన్న సంగతి వాళ్ళ దగ్గర లేకపోతే, నేను పక్కన లేనప్పుడు మళ్ళీ అదే సూది వేస్తే ఏంది అక్కా గతి?”

ప్రత్యూష ఈ మాట అడిగింది మేడమీద వాటాలో అద్దెకుండే జీనత్‌ని. నరసరావుపేటలోని ఒక చిన్నపిల్లల ఆసుపత్రిలో డేటాబేస్ సర్వర్ చూసుకోవడం జీనత్ ఉద్యోగం. ఏ బిడ్డకు ఏ మందు ఇచ్చారు, ఏది పడలేదు అన్నవి పట్టికలుగా దాచి, అడగగానే తీసి చూపించే యంత్రం అది.

ప్రత్యూష కొడుకు విశాల్‌కు ఇంకా రెండేళ్ళు నిండలేదు. కిందటి నెల అక్కడే ఒక ఇంజెక్షన్ చేయగానే వాడి పెదవులు ఉబ్బాయి, ఊపిరి అందలేదు. డాక్టరు ఎదురుగానే ఉండబట్టి దక్కాడు. ఆ మందు పడదని నర్సు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే ప్రత్యూష వెనకే నిలబడి చూసింది. ‘సేవ్ అయింది’ అంటూ తెరమీద ఎంట్రీ నంబరు వచ్చింది. ఆ వెంటనే కరెంటు పోయింది. బ్యాటరీలు పాతబడ్డ యూపీఎస్ కూడా చేతులెత్తేసింది.

మళ్ళీ జలుబు చేసి తీసుకెళ్తే విశాల్ పేజీలో ఆ మాటే లేదు. గుర్తున్న నంబరు కొట్టించి చూస్తే బొల్లాపల్లి నుంచి వచ్చిన ఎవరో పాప పేరు వచ్చింది. మీరు పొరబడి ఉంటారమ్మా అని నర్సు తేల్చేసింది. ప్రత్యూష ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది, దయ్యాలను నమ్మదు. అయినా తన బిడ్డ చోటులో ఇంకో బిడ్డ వచ్చి కూర్చుందన్న ఊహ ఆమెను వదల్లేదు.

జీనత్‌ది మాచర్ల. వాళ్ళ నాన్న దావూద్ బోరు మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. మోటారు తిరిగితే చాలని రైతుకు అప్పగించేవాడు కాదు. వేగంగా తిరుగుతుండగా ఫ్యూజు పీకేసి, మళ్ళీ పెట్టి, లేచిందని చూశాకే పంపేవాడు. బాగుచేసింది మళ్ళీ చెడగొడతావేంది సాయిబూ అని రైతులు ఎగతాళి చేస్తే, పొలంలో కరెంటు నిన్ను అడిగి పోద్దా అనేవాడు. కూతురు ఎంసీఏ చదివి ఈ ఆసుపత్రిలో చేరింది గాని, తనకంటే ముందువాళ్ళు అమర్చి వెళ్ళిన సర్వర్‌ను అలా పరీక్షించి చూడాలని ఆమెకు తోచలేదు.

ప్రత్యూష అడిగిన మర్నాడు జీనత్ ఆ సర్వర్ సెట్టింగులన్నీ తిరగేసి వచ్చింది. మామూలుగా అయితే సర్వర్ ముందు డిస్కు మీద రాసుకుని, ఆ తర్వాతే సేవ్ అయిందని చెప్పాలి. వేగం కోసం ఎవరో దాన్ని మార్చారు. ఇప్పుడది సమాచారాన్ని మెమరీలో పట్టుకుని ముందే సేవ్ అయిందనేసి, సెకనుకోసారి డిస్కుకు పంపుతోంది. ఈలోగా కరెంటు పోతే ఆ ఎంట్రీ పుట్టనట్టే. దాని నంబరు తర్వాత వచ్చినవాళ్ళకు పోతుంది.

“నంబర్ల మధ్య ఖాళీ కూడా మిగలదు ప్రత్యూషా. ఎవరివి పోయినయ్యో ఎట్టా ఎతకాలి?” అంది జీనత్. అంత మెల్లగా ఆమె మాట్లాడటం ప్రత్యూష ఎప్పుడూ వినలేదు.

వేగం తగ్గినా సరే ఆ సెట్టింగు మార్చేస్తానంటే ఆసుపత్రి మేనేజరు గోపీనాథ్ ఒప్పుకోలేదు. “పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే నీ సర్వర్ ఆవలిస్తా కూర్చుంటే తన్నులు నాకమ్మా, నీకు కాదు” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఓపీ లేని వేళ, అవే సెట్టింగులతో ఒక పాత మిషన్‌ను సిద్ధం చేసి జీనత్ ఆయన్ని పిలిచింది. విశాల్‌ను చంకనెత్తుకున్న ప్రత్యూషతోనే వాడి పేరూ, పడని మందు పేరూ టైపు చేయించింది. సేవ్ అయిందన్న మాట వచ్చీ రాగానే ప్లగ్గు పీకింది. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేసి వెతికితే విశాల్ లేడు. చంకలో వాడి బరువు తెలుస్తూనే ఉన్నా ప్రత్యూష వాడిని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

“ఇట్టా ఎన్ని పోయుంటయ్యి?” అన్నాడు గోపీనాథ్.

“తెలియదు సార్. తెలుసుకునే దారి లేదు.”

సెట్టింగు మార్చి మళ్ళీ టైపు చేయించి, మళ్ళీ పీకింది. ఈసారి పేరు ఉంది. గోపీనాథ్ సరేనని, యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు కూడా తెప్పించాడు.

ఆసుపత్రి సర్వర్‌లో అదే మార్పు చేశాక, అది ముందునుంచీ నెమ్మదిగా ఉండడానికి వేరే కారణం కనిపించింది. ఒక్క పేరు అడిగితే అది పట్టిక మొత్తం మొదటినుంచీ చదువుతోంది. జీనత్ పేర్లకు పుస్తకం చివరి సూచికలాంటి ఇండెక్స్ కట్టి, డేటాబేస్‌కు ఇంకొంచెం మెమరీ కేటాయించింది. ఓపీ దగ్గర క్యూ పెరగలేదు. డాక్టరు విశాల్ సంగతి మళ్ళీ ఎక్కించాడు.

వచ్చిన ప్రతి తల్లినీ, పడని మందేమన్నా ఉందా అని నర్సులు కొత్తగా అడుగుతున్నారు. మళ్ళీ రాని బిడ్డల సంగతి ఎవరికీ తెలియదు. కరెంటు పోతే జీనత్ ఇప్పటికీ మాట మధ్యలో ఆగిపోతుంది. ఎవరో బిడ్డ పేరు చెబుతూ చెబుతూ ఆగినట్టు ఉంటదట.

ఇక భయం లేనట్టేనా అని ప్రత్యూష అడిగిన రోజున జీనత్ అవుననలేదు.

“నా సర్వర్ని నేను నమ్మాలి. నువ్వు నమ్మమాక. సూది పట్టుకున్నోళ్ళు ఎవరైనా సరే, ప్రతిసారీ నోటితో చెప్పు. ఇసుక్కుంటే ఇసుక్కోనియ్.”

ఇప్పుడు ప్రత్యూష డాక్టరుకు చెబుతుంది, నర్సుకు చెబుతుంది, టీకాలు వేయడానికి వచ్చినవాళ్ళకూ చెబుతుంది. తెలుసమ్మా, రాసుకున్నాం అని వాళ్ళంటారు. తలూపి, ఆ మందు పేరు ఇంకోసారి చెప్పి, అప్పుడు బిడ్డ చొక్కా చెయ్యి పైకి మడుస్తుంది.