గాజులమ్మ చెప్పిన పేర్లు

1951. సంగారెడ్డిలో మొదటి ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారవుతున్న రోజులు. నేను ఎన్యుమరేటర్‌గా, అంటే ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే తాత్కాలిక ఉద్యోగినిగా చేరాను. ఆడవాళ్ల పేర్లు రాయడానికి ఆడమనిషే కావాలన్నారు. చదువుకుని, వీధుల్లో తిరగడానికి ఒప్పుకున్నదాన్ని నేనొక్కదాన్నే దొరికాను.

నేను ఆ ఊరిదాన్ని కాదు. పుట్టింది రంగూన్‌లో. నాన్న అక్కడి రేవులో పనిచేసేవాడు. యుద్ధం వచ్చినప్పుడు కాలినడకన బయల్దేరి, ఎందరి ఇళ్లలోనో తలదాచుకుని, చివరికి అక్కాబావలతో సంగారెడ్డి చేరాను. పరాయి దేశంలో పుట్టినదాన్ని కాబట్టి నా సొంత పేరు జాబితాలో ఎక్కడానికే మూడు అర్జీలు పెట్టుకోవలసి వచ్చింది. ఓటు హక్కంటే ఏమిటో ఆ ఊళ్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అనుకునేదాన్ని.

బర్మాలో ఆడది పెళ్లయినా పుట్టినప్పటి పేరుతోనే ఉంటుంది. ఇక్కడ పేరడిగితే తలుపు వెనక నుంచి, "మా కిష్టని నాయిన పెండ్లాం అని రాస్కోరాదు" అనేవాళ్లు. ఆ కిష్టని నాయిన ఎవరో చెప్పమంటే అదీ చెప్పరు, మొగుడి పేరు నోట పలకకూడదు. మగవాళ్లు భార్య పేరు చెప్పడం నామోషీ అనుకునేవారు. సొంత పేరు లేని ఎంట్రీలను కొట్టేయాలని మాకు హుకుం. అంటే ఆ గడపల్లోని ఆడవాళ్లకు ఓటు ఉండదు.

నేను ఉపన్యాసాలిచ్చాను. పెళ్లయినంతమాత్రాన పేరు పోతుందా అని ఒక ముసలమ్మను అడిగితే ఆమె వక్క కొరుకుతూ, "పేరు పోదు బిడ్డా, పొయ్యేది ఇజ్జతి. మీ దేశంల నడుస్తదేమో" అంది. మూడు వారాలు తిరిగినా సగం గడులు ఖాళీగానే ఉన్నాయి. ఎవరూ కూర్చోమనలేదు. నన్ను అందరూ రంగూనామె అనేవారు. అలా అన్నవాళ్లలో నా పేరు అడిగినవాళ్లు లేరు.

అప్పుడే హుస్సేన్ బీ తారసపడింది. యాభై ఏళ్లుంటాయి, గంపలో గాజులు పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఊరంతా గాజులమ్మ అనే పిలిచేవారు. నేను రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఒక లోగిట్లో, ఆమె ఆ ఇంటి కోడలి చెయ్యి పట్టుకుని గాజు ఎక్కిస్తోంది. నేను ఫారాలు తీయగానే ఆ పిల్ల లేవబోయింది.

"లచ్చమ్మా, చెయ్యి వదులు చెయ్యి. గా రంగూనామెకు పేరు చెప్తే గాజు పలుగుతదా ఏంది?" అంది గాజులమ్మ. ఆడవాళ్లు నవ్వారు. ఆమె నా వైపు తిరిగింది. "రాస్కో తల్లీ. ఈమె లచ్చమ్మ. ఈమె అత్త నర్సవ్వ. గా మూలకు కూసున్నామె ఎంకటమ్మ. ఆమె గాజులు తొడుగుడు బందయి ఇర్వై ఏండ్లాయె. చెయ్యి కొలత మరిశిన గని పేరు మరువలే."

మూలనున్న వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. మళ్లీ చెప్పమంది. గాజులమ్మ మళ్లీ చెప్పింది.

ఆ రోజు నుంచి ఆమె నా ముందు నడిచింది. మధ్యాహ్నంలోపు ఒక గల్లీ పూర్తయ్యేది. నేను సంతోషించి ఉండాలి. సంతోషించలేకపోయాను. సిద్ధాంతం నాది, కష్టం నాది, పేర్లు ఆమెవి. ఆమె అడుగు చప్పుడు వినగానే పీటలు వేసేవాళ్లు, మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఆమె వెనకాల ఉన్నానని నాకూ ఒక గ్లాసు వచ్చేది. ఆ మజ్జిగ నాకు దిగేది కాదు. ఆమెకు పుట్టిన ఊరు ఉంది, ఆ ఊరు ఆమెను గుర్తుపడుతుంది. నిజం చెప్పాలంటే అన్నిటికంటే ఎక్కువగా నేను ఓర్వలేకపోయింది దాన్నే.

ఒక సోమవారం మా సూపర్‌వైజర్ అందరి ముందు ఫారాలు తిరగేసి, "ఈ పని మీకంటే ఆ గాజులామెకే ఇచ్చుంటే ఎప్పుడో అయిపోయేది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ సాయంత్రమే గాజులమ్మ ఉండే గల్లీ వంతు వచ్చింది. ఆమె ఫారంలో పేరు రాశాను. పక్క గడి భర్త పేరుకు. పోలీస్ యాక్షన్ నాటి గడబిడలో ఇల్లు విడిచిన ఆమె భర్త తిరిగి రాలేదు. "ఆయన ఉన్నడో లేడో అల్లాకెరుక. ఏం రాయాల్నో నువ్వే రాయి తల్లీ, సదువుకున్నదానివి" అంది.

భర్త పేరు లేకపోతే తండ్రి పేరు రాస్తే సరిపోతుంది. ఆ నియమం నాకు తెలియనిది కాదు. పెళ్లికాని నేను నా ఫారంలో రాసుకున్నది మా నాన్న పేరే. అయినా ఆమె తండ్రి పేరు అడగలేదు. ఫారం మీద 'విచారించవలెను' అని రాసి పక్కన పెట్టాను. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: 'ఎండ ఎక్కువ. ఒక ఫారం ఆపాను.' కారణం రాయలేదు.

చిత్తు జాబితా అంటించాక క్లెయిములకు, అంటే రానివాళ్ల పేర్లు చేర్పించుకోవడానికి, గడువిచ్చారు. బజారులో గాజులమ్మ ఎదురై తన పేరు ఎక్కిందా అని అడిగింది. ఎక్కుతుందిలే అన్నాను. ఆమెకు చదువు రాదు. నా మాట నమ్మి వెళ్లిపోయింది. ఆ ఫారం నా సంచిలోనే ఉంది. గడువు దాటిపోయింది.

పోలింగ్ రోజున నన్ను ఆడవాళ్ల బూత్‌లో జాబితా చూసే పనికి వేశారు. గాజులమ్మ తాను పేర్లు చెప్పిన ఆడవాళ్లను వెంటేసుకుని వరసలో అందరికంటే ముందు నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది, గంప తేలేదు. లేదని తెలిసి కూడా నేను జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాను.

"లేదు" అన్నాను.

ఆమె జాబితా వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది.

"అందరి పేర్లు నేనే చెప్తి గద తల్లీ. నా పేరు చెప్పెటోళ్లు లేకపాయె" అంది మెల్లగా.

వెనకనున్న లచ్చమ్మ చంటిపిల్లతో ఇబ్బంది పడుతోంది. గాజులమ్మ ఆ పిల్లను అందుకుని పక్కకు జరిగి, "పో బిడ్డా, ఓటెయ్యి" అంది. ఆ తరువాత ఇంకొకరి పిల్ల, ఇంకొకరి పిల్ల. పోలింగ్ ముగిసేదాకా ఆమె బయట ఎండలో ఊరి పిల్లలను ఎత్తుకుని కూర్చుంది. లోపల నేను ఆమె చెప్పిన పేర్లన్నీ ఒక్కొక్కటే పిలిచాను.

మళ్లీ ఎన్నికలు 1957లో వచ్చాయి. ఫారాలు చేతికి రాగానే ముందు ఆమె ఇంటికే వెళ్లాను. ఆనాడు చేసింది చెప్పేశాను. ఈర్ష్య అన్న మాట పలకడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె క్షమించానని అనలేదు, తిట్టలేదు. చాప పరిచి, "ఈడ కూసో. నా ముంగట్నే రాయి" అంది.

తన పేరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది. చదువురాని ఆమె నా కలం మీదికి వంగి అక్షరం అక్షరం చూసింది. రాయడం అయ్యాక చదివి వినిపించమంది. ఇంకోసారి చదివించుకుంది.

ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఫారాలతోనే పని చేశాను. ఏ ఆడమనిషి ఫారమైనా ఆమె ముందే పూర్తి చేసి, ఆమెకు చదివి వినిపించాకే అక్కడి నుంచి లేచేదాన్ని. కొత్తగా చేరినవాళ్లు ఇంత ఆలస్యం దేనికమ్మా అని విసుక్కునేవారు. నా మీద నాకు నమ్మకం లేక అని చెప్పేదాన్ని. వాళ్లు తమాషా అనుకునేవారు.