జూరకాన్ డాక్టరమ్మ, మూడు పరుపుల తాత

కొండల నడుమ ఉన్న నారిన్ ఊరి ఆసుపత్రి ఐసీయూలో అడుగుపెడితే జూరకాన్ డాక్టరమ్మ ముందు చూసేది రోగి మొహం. తర్వాత మానిటర్ మీది ఎర్ర గీత. అంకెలు ఆఖరున. రోగి మణికట్టు దగ్గర ధమనిలో సన్నటి గొట్టం పెట్టి, ఉప్పునీరు నింపిన పొడుగాటి గొట్టంతో సెన్సర్‌కు కలిపితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద ఒక అల లేచి పడుతుంది. బీపీ ఎంతో అంకె చెబుతుంది. రక్తనాళాలు బిగువుగా ఉన్నాయో, వదులైపోయాయో ఆ అల దిగే తీరు చెబుతుంది. బిగువుంటే నిదానంగా దిగుతుంది. వదులైతే నిట్టనిలువుగా లేచి అంతే వేగంగా కూలబడుతుంది, దిగేదారిలో ఉండే చిన్న నొక్కు కూడా అడుక్కి జారిపోతుంది.

"అంతసేపు ఏం చూస్తావక్కా, సీరియలా?" అని హెడ్ నర్సు సాలిమా ఏడిపించేది.

"సీరియల్లో చచ్చినవాడు మళ్లీ వస్తాడే. ఇక్కడ రాడు. అందుకే చూస్తా."

మనిషి మొండిది. రాజధానిలో ఉద్యోగమిస్తామంటే అక్కడి టీలో పాలు తక్కువని వంక పెట్టి ఇక్కడే ఉండిపోయింది. నోరు పెద్దదే కానీ మనసు వెన్న. ఆ వెన్నే ఒకసారి కొంప ముంచబోయింది.

ఆ వసంతంలో కొండ మీది ఊరి నుంచి ఆషిరాలీ తాతను తెచ్చారు. పిత్తాశయంలో చీము పట్టి, ఆ విషం రక్తంలోకెక్కింది. ఆపరేషనైతే అయింది గానీ నాళాలు వదులైపోయి బీపీ నిలవడం లేదు. వాటిని బిగించే మందు పంపు మీద కొద్దికొద్దిగా ఎక్కుతోంది. అది చాలకపోతే ముందు మూత్రపిండాలు పోతాయి, ఆ వెనకే మనిషి.

మర్నాడు పొద్దున కోడలు బురుల్చా మూడు మందపాటి పరుపులు మోసుకొచ్చింది. "మామయ్యను ఈ అట్టముక్క మీద పడుకోబెట్టారేంటక్కా? ఇంట్లో ఆయన కూర్చుంటే కింద ఎన్ని పరుపులుంటే అంత మర్యాద. ఊళ్లో తెలిస్తే నా మొహాన ఉమ్మరూ?"

సాలిమా ససేమిరా అంది. జూరకాన్‌కు మాత్రం అలాంటి పరుపుల మీదే కన్నుమూసిన తండ్రి గుర్తొచ్చాడు. "వెయ్యనీవే, పోయేదేముంది" అంది. కొడుకులూ నర్సులూ కలిసి తాతను మెల్లగా ఎత్తి పరుపులు పరిచారు.

చూస్తుండగానే బీపీ పెరిగింది. చేతులు వెచ్చగా ఉన్నాయని కొడుకులు మురిసిపోయారు. అదే సమయానికి లోయలో వ్యాను బోల్తాపడి గాయపడ్డవాళ్లు వచ్చారు. జూరకాన్ వాళ్ల దగ్గరికి పరిగెడుతూ గుమ్మంలోంచే అంకె చూసి, "తాతకు మందు కొంచెం తగ్గించండి" అని కేకేసింది. గీత వైపు చూడలేదు.

తిరిగొచ్చి చూసింది. అంకె బాగానే ఉంది. అల మాత్రం నిలువునా లేచి దబ్బున పడుతోంది. మూత్రం సంచీలో చుక్క పెరగలేదు. గొట్టంలో గాలి బుడగ ఉందేమోనని వెతికింది, లేదు. వెచ్చటి చేతులు కోలుకుంటున్న చేతులు కావు, నాళాలు వదులైన చేతులు. మరి అంకె ఎందుకు బాగుంది? రెండడుగులు వెనక్కి వేసి మంచం వైపు చూసింది. సెన్సర్ గుండె ఎత్తున ఉండాలి. తాత పైకెక్కాడు, స్టాండుకు బిగించిన సెన్సర్ కిందే ఉండిపోయింది. గొట్టంలోని నీటి బరువు కలిసి అంకె ఉబ్బింది. అల ఆకారానికి ఆ ఉబ్బు అంటదు.

"నా బుద్ధి గడ్డి తింది!" అంది పైకే.

"చెబితే విన్నావా? లాగెయ్యండి ఆ పరుపులు!" అని సాలిమా లేచింది. బురుల్చా మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పెద్దాయన కింద పరుపు లాగుతావుటే? ఆయన దిగక్కర్లేదు, సెన్సరే ఎక్కాలి." జూరకాన్ బిగింపు వదులు చేసి సెన్సర్‌ను తాత గుండె ఎత్తుకు జరిపి, మళ్లీ సున్నాకు సరిచేసింది. తెర మీద అంకె ఒక్కసారిగా పడిపోయింది. బురుల్చా కెవ్వుమంది.

"ఇప్పుడు పడింది కాదమ్మా, ఇందాకటి నుంచీ ఇంతే. ఇప్పుడు నిజం చెబుతోంది."

మందు పెంచింది. స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది. అలా కూర్చోగలగడమే ఆవిడ గొప్పతనమని నా లెక్క. పరిగెత్తే డాక్టర్లు చాలామందే ఉంటారు. మెల్లమెల్లగా అల దిగుడు నెమ్మదించింది, నొక్కు పైకి జరిగింది. సాయంత్రానికి సంచీలోకి మూత్రం వచ్చింది.

వరండాలో బురుల్చా జూరకాన్ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నేనే చంపబోయానా అక్కా?"

అవునన్నట్టు ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు.

"నువ్వు పరుపులు వేశావు, అంతే. వెయ్యమన్నది నేను, మందు తగ్గించమన్నదీ నేను. మీ మామయ్య లేచాక ఆయనకూ ఇదే చెబుతా."

చెప్పింది కూడా. తాత ఆక్సిజన్ మాస్కు తీసి గిన్నెలో టీ తాగుతున్న రోజున, ఎదురుగా నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తాత అంతా విన్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు తాతా."

తాత టీ గిన్నె కింద పెట్టాడు. "అయితే రేపు కూడా నువ్వే రా" అన్నాడు.