ఈగ గుడ్లకు సంగటి సెగ

రెండే రెండు ముద్దల రాగి సంగటితో ఒక ఆడపిల్ల మూడేళ్ల చదువును ముంచబోయిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. కానీ ఏడో తరగతితో బడి మానినా, కాలేజీ లైబ్రరీని సొంతంగా నమిలి మింగినవాడినని మాత్రం మరవకండి. అందుకే అంత పెద్ద తప్పు చేయగలిగాను. చదవనివాడైతే చెప్పింది చేసి ఊరుకునేవాడు.

తొంభైల చివర్లో మదనపల్లెలో ఒక కాలేజీ అటెండరును. కుప్పం అమ్మాయి రేవతి అక్కడ పరిశోధన చేసేది. మగ్గిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో పెంచి, వాటి గుడ్లలో కొన్నిటికి వేడి తగిలించి, తగలనివాటితో పోలిస్తే లోపలి ప్రొటీన్లు ఎంత మారతాయో కొలవాలి. కొలిచే మిషను మాత్రం కుప్పంలో ఉంది. ఈసారి తేడా చూపించకపోతే ఆ పని వదిలెయ్యమని, ఆమె పరిశోధన చూసే అక్కడి సారు తేల్చి చెప్పాడు.

రేవతి ముందురోజే బయల్దేరుతూ నాకు అప్పగింతలు పెట్టింది. "మునెప్పన్నా, రెండు డబ్బాలుండాయి. ఎర్రమూతది ఆడికొచ్చినాక వేడినీళ్లలో పెడతాము. తెల్లమూతది ఊరికే ఉంటాది. బద్రంగా తీసుకురా."

బస్సెక్కాక నాకు ఒళ్లు మండింది. గుడ్డన్నాక వెచ్చదనం ఉండొద్దా? ఎర్రమూతకు వేడినీళ్ల వైభోగం, తెల్లమూతకు ఊరికే ఉండడమా? ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి. క్యారియర్ తెరిచి, పొగలు కక్కే సంగటి ముద్ద మీద తెల్లమూతను మహారాజులా కూర్చోబెట్టాను. మా పెట్టకోడి కూడా అంత శ్రద్ధగా పొదిగి ఉండదు.

పుంగనూరులో తడిమి చూస్తే సంగటి చల్లారింది. స్టాండు పక్క హోటలుకు పరుగెత్తాను.

"అప్పా, ఈ ముద్ద తీసేసి వేడిది పెట్టు."

"కొరకనే లేదే. దీనికేమొచ్చె?"

"తినేదానికి కాదప్పా, గుడ్లకి."

"ఏం గుడ్లు?"

"ఈగవి."

ముద్దయితే పెట్టాడు గానీ, నా బస్సు కదిలేదాకా చేతిలోని తెడ్డు కింద పెట్టలేదు.

మర్నాడు కుప్పంలో ఫలితం వచ్చింది. వేడికి పెరిగే ప్రొటీను నల్ల గీతగా కనిపిస్తుంది. అది ఎర్రమూత వరుసలో ఉంది, తెల్లమూత వరుసలోనూ ఉంది. నిజం చెప్పాలంటే తెల్లమూతదే ఇంకాస్త నల్లగా ఉంది. రేవతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తేడా యాడుంది? ఇంక సాలించమ్మా," అన్నాడు సారు.

నేనూరుకుంటానా. "మిషను సెడిపోయింటే పాపనెందుకు అంటారు సార్?" అని ఉపన్యాసం అందుకున్నాను. సారు వినలేదు. తెల్లమూత డబ్బా తిరగేసి, అడుగున అంటుకున్నదాన్ని గోటితో గీకి వాసన చూశాడు.

"మునెప్పా, ఇది సంగటి కదా?"

"అవును సార్."

"ఈడ ఎందుకుండాది?"

న్యాయం గురించి నేను చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు. రేవతి ఏడుపు మధ్యలోనే నవ్వేసింది.

"నీ లెక్క తప్పలేదమ్మా," అన్నాడు సారు. "వేడి తగిలిందని గీత నిజమే చెప్పింది. ఇంకోసారి సెయ్యి. ఈయప్పను మాత్రం దూరంగా పెట్టు."

రెండోసారి డబ్బాలు రేవతే ఒళ్లో పెట్టుకుంది. నా క్యారియర్లో పెరుగన్నం పెట్టించి, నన్ను వెనక సీటుకు తరిమింది. తేడా అద్దంలో చూసినట్టు తేలింది.

ఆ రోజే కుప్పం బస్టాండులో, తూర్పుకు తిరిగి నిలబడి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ గుడ్డుకూ న్యాయం చెయ్యను. నేటికీ మా ఇంట్లో కోడిగుడ్డు పులుసు చేస్తే, సంగటి ఒక కంచంలో, గుడ్డు ఇంకో కంచంలో.