నీళ్ల మీద అడిగితే మైకుల మీద రాశారు

సత్యవాణి టీచర్ దగ్గర చదివినవాళ్లెవరూ పదో తరగతి ఇంగ్లీషులో తప్పలేదు. భీమవరం అవతల ఆ సర్కారు బడికి పద్దెనిమిదేళ్లుగా అదే పేరు. ఆమె పద్ధతి సులువు. ఇంగ్లీషులో అధికారికి ఉత్తరం అంటే ఎప్పుడూ మైకుల గోల మీద ఒకే ఉత్తరం. బోర్డు మీద ఆమె రాస్తుంది, పిల్లలు పదిసార్లు చూసి రాస్తారు, పరీక్షలో దింపేస్తారు. సొంత మాట కలిపితే మార్కు పోతుంది. ఫలితాల శాతం చూసి ఆమెను మెచ్చుకున్న వాళ్లందరికీ ఇందులో వాటా ఉంది, అదే బడిలో పనిచేసే నాక్కూడా.

రొయ్యల చెరువులు ఊరి చివర కూలివాళ్ల పేట దాకా వచ్చేసరికి అక్కడి బోర్లలో నీళ్లు ఉప్పగా మారాయి. ఢిల్లీ నుంచి అధికారులు తనిఖీకి వస్తున్నారని తెలిసి, ఆ పేటలో ఉండే మార్తమ్మ బడికి వచ్చింది.

"వాళ్లకి తెలుగు రాదంటండి. మన పిల్లలకి ఇంగ్లీషులో తొంభైలొస్తున్నాయి కదండి, నీళ్ల సంగతి రాయించండి టీచర్‌గారూ."

"ముప్పై మందితో రాయిస్తానమ్మా," అంది సత్యవాణి గర్వంగా. పిల్లలు రాసినవి చదవకుండానే కట్టగట్టి పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లింది.

వచ్చిన అధికారి నాలుగు చదివి, పక్కనున్న భీమరాజు అనే మండల ఉద్యోగితో ఏదో అన్నాడు.

"మేడమ్, మీ ఊళ్లో మైకుల గోల అంత ఎక్కువా అని అడుగుతున్నారండి."

సత్యవాణి కట్ట తిరగేసి చూసింది. పైన విషయం దగ్గర నీళ్లు అని ఉంది. కింద ముప్పై ఉత్తరాల్లోనూ మైకులే.

"పోనీ మీరే రాసివ్వండి, పది నిమిషాలుంటారు," అన్నాడు భీమరాజు.

ఆమె కలం తీసింది. 'తమ దయాపూర్వక దృష్టికి' అన్న మొదటి వాక్యం వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఏ బోరు, ఎప్పటినుంచి, ఎన్ని ఇళ్లు? ఏదీ తెలియదు.

"పర్లేదులెండి, మీ ఇంట్లో క్యాన్ నీళ్లేగా," అంది అక్కడే గుమ్మం దగ్గర నిలబడ్డ మార్తమ్మ. అధికారుల కార్లు వెళ్లిపోయాయి.

మర్నాడు క్లాసులో సత్యవాణి అడిగింది, "మీకు తెలిసిన సంగతే కదా, ఎందుకు రాయలేదు?"

మార్తమ్మ కూతురు హేమశ్రీ లేచింది. "దసరా ముందు పరీక్షలో నేను నీళ్ల మీదే రాశానండి. పదికి మూడేశారు. ఇలా రాస్తే తప్పుతావన్నారు."

సత్యవాణికి ఆ పేపరు గుర్తుకూడా లేదు. "ఇప్పుడు రాస్తావామ్మా?" అంది.

"ఎవరికండి? వాళ్లు వెళ్లిపోయారుగా."

పిల్లలందరూ చూస్తుండగానే టీచర్ తల దించుకుంది.